తొమ్మిదో ధాన్యం

మసి తెగులు వచ్చిన మూడో ఏడు మా అమ్మాయి సంహిత పెళ్లి కుదిరింది.

ఆ రోజులు గుర్తున్నవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. మర్చిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. ఉత్తరాన ఎక్కడో ఒక పొలంలో గోధుమ కంకులు నల్లబడ్డాయనీ, ముట్టుకుంటే మసిలా చేతికి అంటుకున్నాయనీ పేపర్లో చిన్న వార్త వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ప్రపంచంలో ఎక్కడా మిల్లు ఆడేపాటి గోధుమ లేదు. మనం అన్నం తినేవాళ్లం, మనకేమిటిలే అనుకున్నాం. తీరా చూస్తే పూరీ లేదు, బ్రెడ్డు లేదు, బోండా లేదు, సేమ్యా పాయసం లేదు. షుగర్ ఉందని రాత్రిపూట పుల్కాలు తినే మా ఆయన, జొన్నరొట్టె ముందు కూర్చుని నా వంక చూసేవారు, ఆ తెగులు నేనే తెచ్చినట్టు.

ఆయన చూపులో కొంత న్యాయం లేకపోలేదు. రాజేంద్రనగర్‌లో ఒక విత్తన పరిశోధన కేంద్రంలో పదకొండేళ్లుగా నా పని గోధుమ పూర్వీకుల మీదే. గోధుమకి ముగ్గురు పెద్దలున్నారు. ముగ్గురూ గడ్డి మొక్కలే. వాటిలో ఒకదాన్ని మేం అడవి గోధుమ అనేవాళ్లం. చలికొండల మీద మొలిచే బక్కపలచని గడ్డి అది. తెగులు వచ్చిన మొదటి ఏడు ఆ కొండల కింద పొలాలన్నీ నల్లగా మాడిపోతే, గట్ల మీద ఈ గడ్డి మాత్రం పచ్చగా నిలబడి ఉన్న ఫొటో ఒకటి మా చేతికొచ్చింది. దాన్లో ఏదో ఉంది, మసిని తట్టుకునేది. ఆ ఏదో ఏమిటో తెలుసుకుని గోధుమకి ఇవ్వగలిగితే చాలు. కానీ మేం కబురు పంపేలోపే, భయపడిపోయిన రైతులు గట్లతో సహా అన్నీ తగలబెట్టేశారు.

ఎప్పుడో ఆ కొండలెక్కి గింజలు ఏరి, కవర్లో పెట్టుకున్న ఒక రిటైరైన వృక్షశాస్త్రవేత్త దగ్గర ముప్పై ఒక్క గింజలు దొరికాయి. భూమ్మీద అవే ఉన్నాయని మాకు తెలుసు. ఇరవై రెండింటిని ల్యాబులో మొలకెత్తించబోయాం. గాజు పళ్లెం, మరిగించి చల్లార్చిన నీళ్లు, చేతులకి తొడుగులు. ఎంతో శుభ్రంగా అన్నిటినీ చంపేశాం.

మిగిలినవి తొమ్మిది. సరిగ్గా అప్పుడే మా చల్లగదిలో కంప్రెసర్ పాడైంది. బాగయ్యేవరకని ఆ తొమ్మిదింటినీ చిన్న స్టీలు డబ్బాలో వేసి ఇంటికి తెచ్చుకున్నాను. డబ్బా మీద 'అడవి గోధుమ, ఎవరూ ముట్టుకోవద్దు' అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌లో గుడ్ల అరలో పెట్టాను. ఆ వారమే పెళ్లి పనులు మొదలయ్యాయి.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. పేరు తిరపతమ్మ, ఊరు దుగ్గిరాల దగ్గర, వయసు డెబ్బై ఎనిమిది. ఇరవై రెండో ఏట భర్త పోతే రెండెకరాల మాగాణి తనే చేసుకుని మా ఆయన్ని చదివించింది. నన్ను ఎన్నడూ ఒక్క మాట అనలేదని చెప్పను. రోజూ అంటుంది. నేనూ అంటాను. మాకు అలా జరిగిపోతుంది.

అంకురార్పణకి నవధాన్యాలు కావాలి కదా. పుట్టమన్ను నింపిన అయిదు మూకుళ్లలో తొమ్మిది రకాల గింజలూ చల్లి, పాలు కలిపిన నీళ్లు పోసి మొలకెత్తిస్తారు. వాటినే పాలికలంటాం. పూజా స్టోర్ ప్యాకెట్లో గోధుమ ఉండాల్సిన చోట బియ్యపు నూకలున్నాయి. పురోహితుడు కూడా అదే చాలన్నాడు.

"నా మనవరాలి పెళ్లికి ఎనిమిదే ధాన్యాలా?" అంది అత్తగారు. ఆ మాటని మేమెవరం పట్టించుకోలేదు.

మర్నాడు అయిదుగురు ముత్తైదువలు పాలికల్లో గింజలు చల్లారు. గింజలు ఏరి, నానబెట్టి, వెండిగిన్నెలో పోసి ఇచ్చినావిడ వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మీరూ వేయండత్తయ్యా" అన్నాను. చుట్టాల మొహాలు మారిపోయాయి. "పాలు పొంగుతున్నయ్యే" అంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. పొయ్యి మీద పాలే లేవు. నాకు ఒళ్లు మండిపోయింది గాని, పెళ్లింట్లో గొడవెందుకని ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది.

పెళ్లి బాగా జరిగింది. సంహిత అత్తవారింటికి వెళ్లిన మర్నాడు, చల్లగది బాగైందని ఫోన్ వస్తే ఫ్రిజ్ తెరిచాను.

"అత్తయ్యా, ఇక్కడ చిన్న స్టీలు డబ్బా ఉండాలి."

"ఉంది. కడిగి బోర్లించా."

"అందులో గింజలో?"

"పాలికల్లో ఏశాం గదా! తొమ్మిదంటే తొమ్మిదే ఉన్నయ్యి. అయిదు మూకుళ్లకి సర్దేతలికి తలప్రాణం తోకకొచ్చింది."

"ఎవరూ ముట్టుకోవద్దని రాశాను కదత్తయ్యా!"

"రాశావు. నేనేమన్నా పరాయిదాన్నా?"

నేను వంటగదిలో కిందే కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపు రెండూ చేశాను. విషయం ఏమిటో చెప్పాక ఆవిడ మొహం పాలిపోయింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని, నా చెయ్యి పట్టుకుని పాలికల దగ్గరికి లాక్కుపోయింది.

బాల్కనీలో అయిదు మూకుళ్లలోనూ చిన్న అడవి లేచింది. మినుములు, పెసలు, ఉలవలు, అలసందలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటున్నాయి. వాటి మధ్య వడ్ల మొలకలు సూదుల్లా ఉన్నాయి. గోధుమ జాతి మొలకా సూదిలాగే ఉంటుంది. భూతద్దం పెట్టుకుని అరగంట వెతికాను. గోధుమ పూర్వీకుల మీద డాక్టరేట్ ఉన్న మనిషిని, వరికీ దానికీ తేడా కనిపెట్టలేకపోయాను.

"తప్పుకో" అంది అత్తగారు. చూపుడు వేలితో ఒక్కో మొలకనీ తడుముతూ పోయింది. "ఇది వరి. ఇదీ వరే. ఇది వరి..." నాలుగో మూకుట్లో వేలు ఆగింది. "దీన్ని మాత్రం నేనెరగనే అమ్మాయ్."

భూతద్దం పెట్టాను. ఆకు మొదట్లో సన్నటి నూగు ఉంది. వరికి అలా ఉండదు. అదే!

మిగతా ఎనిమిదీ కుళ్లిపోయి దొరికాయి. పుట్టమన్ను మహిమ అంటూ ఆ తర్వాత నాకు వాట్సాప్‌లో పంపినవాళ్లందరికీ ఇక్కడే జవాబు చెబుతున్నాను. తొమ్మిదిలో ఒకటి మొలిస్తే మహిమ అనరు. తర్వాత వేరే గడ్డి గింజలతో పుట్టమన్నులోనూ, పాలలోనూ ప్రయత్నించి చూశాం. ఏమీ తేలలేదు. అది ఎందుకు మొలిచిందో నాకు ఈనాటికీ తెలియదు.

మా డైరెక్టర్ డాక్టర్ యాకూబ్ గారు గంటలో వచ్చేశారు. పెద్దమనిషి, బాల్కనీలో గొంతుక్కూచుని, ఊపిరి తగులుతుందేమోనని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూశారు. ఆయన రంజాన్‌లో గోధుమ వేసిన హలీం తిని రెండేళ్లయింది.

"మూడో ఆకు రాంగనే చదివేద్దాం మేడమ్. ఇంకో పది రోజులల్ల యంత్రం మన వంతుకొస్తది" అన్నారు.

ఆ యంత్రాన్ని మేం చదువరి అనేవాళ్లం. దేశం మొత్తానికి ఒక్కటే ఉంది, కేంద్రాలన్నీ వంతులవారీగా వాడుకోవాలి. మొక్కని మొత్తం లోపల పెడితే దాని జీనోమ్‌ని, అంటే ఆ మొక్క ఎలా పెరగాలో రాసి ఉన్న పోగులన్నిటినీ, ఎక్కడా తెంపకుండా మొదటినుంచి చివరిదాకా చదువుతుంది.

"చదివాక మళ్లా ఇస్తారా?" అని అడిగింది అత్తగారు, కాఫీ తెచ్చి పెడుతూ.

యాకూబ్ గారు నా వంక చూశారు. నేనే చెప్పాను. "లేదత్తయ్యా. మొక్క నలిగిపోతుంది. మిగలదు."

"చిన్న ముక్క తెంపి చదవగూడదూ?"

"మీ అష్టోత్తరం పుస్తకం ఉంది కదా. దాన్ని ముక్కలు ముక్కలుగా చింపేస్తే ఏ ముక్క తీసినా 'నమః' అనే ఉంటుంది. ఏది ముందో ఏది వెనకో ఎలా పేరుస్తారు? ఈ గడ్డీ అంతే. రాసిందే మళ్లీ మళ్లీ రాసి ఉంటుంది. చింపకుండా చదవాలి. మొక్క చచ్చిందంటే ఆ పోగులు వాటంతటవే తెగిపోతాయి. ఆకు తుంచినా అంతే."

ఆవిడ వేళ్లు మడిచి లెక్కకట్టింది. "అంటే దాన్ని చదవాలంటే చంపాలి. చంపాలంటే అది బతికుండాలి."

"అంతే."

"ఏం చదువులే మీయి!" అని లోపలికి వెళ్లిపోయింది.

పదహారో రోజున పాలికల్ని పారే నీళ్లలో వదలాలి. అది దగ్గరపడుతుంటే నేను యుద్ధానికి సిద్ధమయ్యాను. పాలిక మీద చెయ్యి వేస్తే పిల్ల కాపురానికి మంచిది కాదంటుంది, నేను దేశం సంగతి చెప్పాలి, ఆవిడ ఏడుస్తుంది, ఇలా అన్నీ ఊహించుకుని మాటలు పేర్చుకున్నాను.

ఆవిడే వచ్చి నా మంచం మీద కూర్చుంది. "మిగతాయి ఏట్లో వదులుదాం. దీన్ని వదల్ను. మీ యాకూబు గారిని నెల్లాళ్లు ఆగమను. పిలకేసిద్ది."

నాకు అర్థం కాలేదు.

"వరికి పిలకలు రావూ? నారు చాలకపోతే ఏం చేసేవోళ్లం? బలంగా ఉన్న దుబ్బు తీసి, ఏళ్లతో సహా పిలకలు ఇడదీసి ఖాళీల్లో నాటేవోళ్లం. ఇదీ గడ్డేగా. ఒకటి రెండైతే, ఒకటి మీ యంత్రానికిచ్చి ఒకటి ఉంచుకోవచ్చు."

మా ల్యాబులో డాక్టరేట్లు ఏడుగురం. ఏడుగురిలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు. మేం మొక్కల్ని అక్షరాలుగా చూసి చూసి, అవి పిల్లలు పెడతాయన్న సంగతి మర్చిపోయాం.

యాకూబ్ గారిని ఒప్పించడం తేలిక కాలేదు. ఈ వంతు వదిలేస్తే మళ్లీ నలభై రోజులకి గాని యంత్రం రాదు. ఢిల్లీ నుంచి రోజూ ఫోన్లు. ఆయన గడ్డం గీరుకుంటూ గది చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది. "రెండైతే రెండుసార్లు చదవొచ్చు మేడమ్! ఒక్కపారి తప్పు చదివినా రెండోదాంట్ల దొరుకుతది. సరే, ఆగుదాం."

అత్తగారు అన్నది అది కాదు. నేను ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఆయన మాట అత్తగారికీ చెప్పలేదు.

మార్చి ఎండకి ఆ చలిదేశపు గడ్డి తట్టుకోదని ల్యాబులో అద్దాలగదిలో, పదహారు డిగ్రీల చలిలో పెట్టాం. అత్తగారు నాతోపాటు రోజూ వచ్చేది. "పిలకేసేటప్పుడు మనిషి కావాల" అని ఆవిడ వాదన. స్వెట్టరు, మఫ్లరు, మా ఆయన సాక్సులు వేసుకుని మొక్క పక్కన కుర్చీలో కూర్చునేది. మట్టిని వేలితో నొక్కి చూస్తే తప్ప నీళ్లు పోయనిచ్చేది కాదు. సెన్సర్ చెప్పే తేమ లెక్కని నమ్మేది కాదు. వారం తిరిగేసరికి కుర్ర సైంటిస్టులు తమ మొక్కల బాధలన్నీ ఆవిడకే చెప్పుకోవడం మొదలుపెట్టారు. మా ఆయన మాత్రం "మా అమ్మని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టావు" అని దెప్పేవారు.

ఆయన దెప్పింది నిజమే అయింది. ఆవిడ మోకాళ్లు వాచాయి. దగ్గు పట్టుకుంది. డాక్టరు చలి తగలకూడదన్నాడు. ఇంటిదగ్గర ఉండమని బతిమాలాను. వినలేదు. ఒకరోజు ఆవిడ కాళ్లకి వేడి కాపడం పెడుతూ విసుక్కున్నాను. "గడ్డి మొక్క కోసం మీరింత కష్టపడాలా? అసలు ఆ తొమ్మిదో ధాన్యం లేకపోతే ఏమయ్యేదత్తయ్యా?"

ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకుంది. తర్వాత చెప్పింది.

"నా పెళ్లి పాలికల్లో గోధుమ మొలవలా. పుచ్చు గింజలు అమ్మి ఉంటాడు కొట్టోడు. అప్పుడెవురూ ఏం అనలా. నాలుగో ఏడు మీ మావయ్య పోయాక అందరికీ గుర్తొచ్చింది. గోధుమ మొలవకపోతేనే అనుకున్నాం అన్నారు. నేనదేం నమ్మలేదే. కానీ ఆ మాట చెవుల్లో ఉండిపోయిద్ది, పోదు. రేపు మన పిల్లకి కాలో చెయ్యో నొప్పెడితే, ఎనిమిదే ఏశారంట అని ఏ నోటా రాగూడదని తీశా ఆ డబ్బా. మూత తీసేటప్పుడు నీ రాత చదివాను కూడాను. తప్పే."

నేను కాపడం గుడ్డ పక్కన పెట్టి ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకున్నాను. ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ మీద అంత ప్రేమ నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

ల్యాబుకి తెచ్చిన ముప్పై అయిదో రోజుకి పిలక విడదీసేంత అయింది. తనకంటూ నాలుగు వేళ్లు తెచ్చుకుంది. ల్యాబంతా అద్దం అవతల గుమిగూడింది. ట్రేలో నీళ్లు పోసి మొక్కని దింపాను. రెండుసార్లు పట్టుకుని రెండుసార్లూ వదిలేశాను. "నా వల్ల కాదత్తయ్యా" అన్నాను. ఆవిడ మఫ్లరు వెనక్కి విసిరి, నీళ్లలో చేతులు పెట్టింది. మట్టి అంతా కరిగి వేళ్లు తేలేదాకా మెల్లగా కదిపింది. రెండు బొటనవేళ్లూ మొదట్లో ఆనించి చిన్నగా నొక్కింది. ఒక్కటి రెండైంది. వేళ్లకొసలు కూడా తెగలేదు. పెళ్లిలో గింజ వేయడానికి పనికిరావనుకున్న చేతులవి. ఆ పని చేయగల చేతులు మా కేంద్రం మొత్తంలో ఇంకొకరికి లేవు.

చిన్నది మూడు రోజులు వాలిపోయి మమ్మల్ని చంపింది. నాలుగో రోజు నిలబడింది.

మరో అయిదు రోజులకి మా వంతు వచ్చింది. చదువరి దగ్గరికి తీసుకెళ్లడానికి అద్దాలగదిలోకి వెళ్లాను. అక్కడ రెండు కుండీలు. "ఏది తీసుకోను?" అన్నాను, ఆవిడనే అడుగుతూ.

"పెద్దదాన్ని తీసుకో. పిల్లదాన్ని ఉండనీ."

"రెండూ ఒకటే అత్తయ్యా. రెండింట్లోనూ అక్షరం తేడా ఉండదు."

"నీ యంత్రానికి ఉండదు" అంది. పెద్దదాని ఆకులు ఒకసారి అరచేత్తో నిమిరింది. "దీనికి నొప్పెట్టిద్దా?"

"లేదు. మొక్కలకి నొప్పి తెలియదు."

"నీకు?"

నేను కుండీ ఎత్తుకున్నాను. కారిడార్‌లో నడుస్తూ కళ్లు తుడుచుకుంటుంటే కుర్రాళ్లు చూసి పక్కకి తప్పుకున్నారు.

పొద్దున పదింటికి మొదలైన చదువు నాలుగింటికి అయిపోయింది. ఏడు పోగులు. ఆరు పోగులు మొదటినుంచి చివరిదాకా చెక్కు చెదరకుండా వచ్చాయి. పదకొండేళ్లుగా నేను కలలో చూసిన అక్షరాలు తెర మీద వరసగా నిలబడ్డాయి. కుర్రాళ్లు గంతులేశారు. ఏడో పోగు మధ్యలో మాత్రం ఒకచోట ఖాళీ వచ్చింది. యంత్రం అక్కడ తడబడింది.

"మసిని తట్టుకునేది వచ్చిన భాగంల ఉండొచ్చు, ఆ ఖాళీల కూడా ఉండొచ్చు. రెండోదాన్ని పెడితే ఇయ్యాల్నే తేలిపోతది. రేపటిదాకా యంత్రం మనదే" అన్నారు యాకూబ్ గారు.

"దాన్ని పెరగనిద్దాం సార్. గింజలు కాయనీ. వాటి మొలకల్ని చదువుదాం."

"ఏడాది మేడమ్! ఏడాదంటే ఎంతమంది ఆకలో మీకు తెల్వదా?"

తెలుసు. ఆయన తప్పు మాట ఏదీ అనలేదు. ఆ ఏడాది బరువు నేను ఈనాటికీ మోస్తున్నాను. అయినా భూమ్మీద ఉన్న ఒకే ఒక్క మొక్కని కాగితం మీదికి ఎక్కించి, ఇక అది లేదు అనడానికి నాకు నోరు రాలేదు. అద్దాలగదికి నడిచాను. ఆయన నా వెనకే వస్తున్నారు.

అత్తగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని, చిన్న కుండీ చుట్టూ రెండు చేతులూ పెట్టి కూర్చుని ఉంది. దానితోనే మాట్లాడుతోంది.

"భయపడమాక. మీ అమ్మ ఎల్లింది గదా, అందరి పనీ అదే చేసుకొచ్చిద్ది. ఇంక నిన్నెవురూ తీసుకుపోరు." మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. గుమ్మంలో నన్ను చూసింది. "అంతేగా, హైమా?"

యాకూబ్ గారు నా భుజం వెనక ఆగిపోయారు.

"అంతే అత్తయ్యా" అన్నాను, ఆయనకి కూడా వినపడేంత గట్టిగా.